మందు కొట్టించినా బొద్దింకలు పోవట్లేదు, ఏం చేయాలి?

రాత్రి_డ్యూటీ
పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిచి ఇల్లంతా మందు కొట్టించాం. వారం పాటు ఒక్కటీ కనబడలేదు, హమ్మయ్య అనుకున్నాం. తర్వాత మళ్లీ మొదలు. పైగా ఇంతకుముందు లేని చోట కూడా తిరుగుతున్నాయి, టీవీ వెనక, బట్టల బీరువాలో. డ్యూటీ దిగి ఇంటికొచ్చి వంటింట్లో లైటు వేస్తే చాలు, గట్టు మీద నుంచి తలో దిక్కుకీ పరుగు. ఫోన్ చేస్తే "ఇంకో రౌండ్ కొడతాం సార్" అంటున్నారు. ఇంకో రౌండ్‌కి ఏమైనా ఉపయోగం ఉంటుందా, డబ్బు దండగేనా? మందులో నీళ్లు ఎక్కువ కలిపారేమోనని నా అనుమానం.

వంటింటి_రాణి
ఏ బొద్దింకలు? పెద్దవా, చిన్నవా?

గోడమీద_పిల్లి
వాటిలో రకాలు కూడా చూడాలా? చెప్పుతో కొడితే అన్నీ ఒకటే.

రాత్రి_డ్యూటీ
చిన్నవి. లేత గోధుమ రంగు, తల వెనక రెండు నల్ల గీతలు నిలువుగా. కొన్నిటికి తోక దగ్గర చిన్న సంచి లాంటిది వేలాడుతోంది.

మందుకొట్టేవాడు
నేను చేసే పని పేరులోనే ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఆ రెండు గీతలవి జర్మన్ బొద్దింకలు. పేరుకి జర్మన్, ఉండేది ప్రపంచమంతా. వేలాడుతున్న సంచి గుడ్ల తిత్తి, ఒక్కోదాంట్లో 30 నుంచి 40 గుడ్లు ఉంటాయి. పిల్లలు బయటికొచ్చే ముందు దాకా తల్లి దాన్ని మోసుకునే తిరుగుతుంది. స్ప్రే ఆ తిత్తి లోపలికి వెళ్లదు. మీకు వారం ప్రశాంతంగా గడిచిందంటే పెద్దవి చాలావరకు పోయాయి, తిత్తుల్లోవి, సందుల్లోవి మిగిలాయి. వెచ్చగా ఉంటే రెండు మూడు నెలల్లో అవే మళ్లీ గుడ్లు పెట్టే వయసుకు వస్తాయి.

టీవీ వెనక్కి ఎందుకు వెళ్లాయంటే, మామూలుగా ఇళ్లలో కొట్టే పైరెత్రాయిడ్ మందులు చాలావాటికి బొద్దింకను చెదరగొట్టే గుణం ఉంది. మందు వాసన తగిలిన చోటు వదిలేసి పక్క గదిలోకి చేరతాయి. దానికితోడు ఈ జాతికి ఆ మందుల మీద నిరోధకత బాగా పెరిగిపోయింది. నీళ్లు ఎక్కువ కలిపారో లేదో నాకు తెలియదు కానీ, సరిగ్గా కలిపినా మీ ఇంట్లో ఇదే జరిగి ఉండొచ్చు.

ఇంకో రౌండ్ స్ప్రే వద్దని చెప్పండి. జెల్ పెట్టమనండి, అంటే బొద్దింకలు వచ్చి తినే మందు కలిపిన ఎర.

నాకు_స్ప్రే_చాలు
ఒప్పుకోను. మా ఇంట్లో స్ప్రేతోనే పోయాయి. ఏడాది దాటింది, ఒక్కటి కూడా లేదు. జెల్ అంటే మళ్లీ మళ్లీ కొనిపించే వ్యాపారం.

వంటింటి_రాణి
మీ ఇంట్లోవి బాత్రూం తూములోంచి వచ్చే పెద్ద ఎర్రవి అయి ఉంటాయి.

నాకు_స్ప్రే_చాలు
అవును, పెద్దవే. రెక్కలతో మొహం మీదకి ఎగిరేవి.

మందుకొట్టేవాడు
అక్కడే ఉంది తేడా. అవి అమెరికన్ బొద్దింకలు. వాటి కాపురం డ్రైనేజీలో, మీ ఇంట్లోకి తిండికీ నీళ్లకీ చుట్టపు చూపుగా వస్తాయి. తూము చుట్టూ, మ్యాన్‌హోల్ మూత చుట్టూ స్ప్రే చేసి, తూముకి సన్నటి జాలీ బిగిస్తే చాలావరకు ఆగిపోతాయి. జర్మన్‌వి అలా కాదు, పుట్టడం పెరగడం అంతా మీ వంటింట్లోనే. మీ మందు మీకు పనిచేసింది నిజమే, ఈయనకి పనిచేయనిదీ నిజమే.

గోడమీద_పిల్లి
సరే, చెప్పు సిద్ధాంతం వెనక్కి తీసుకుంటున్నా. రెండు రకాల చెప్పులు కావాలి.

చిన్నోడి_అమ్మ
జెల్ పెడితే పాకే పిల్లలున్న ఇంట్లో ప్రమాదం కాదా? మావాడు నేలమీద ఏం కనబడినా నోట్లోనే.

మందుకొట్టేవాడు
నేలమీద పెట్టేది కాదమ్మా. తలుపు కీళ్ల లోపల, సింకు కింద పైపు గోడలోకి వెళ్లే చోట, అరల పైమూలల్లో, ఫ్రిజ్ వెనక. ఒక్కో చుక్క కందిగింజలో సగం ఉంటే చాలు. పెద్ద ముద్ద ఒకచోట పెట్టడం కంటే చిన్న చుక్కలు ఎక్కువ చోట్ల పెడితేనే పని జరుగుతుంది. పిల్లవాడికి అందే ఎత్తులో ఒక్క చుక్క కూడా పెట్టొద్దు. మీలాంటి ఇళ్లకు మూత ఉన్న ఎర డబ్బీలు దొరుకుతాయి, అవి ఇంకా నయం.

నేలమీద గీసే సుద్ద మాత్రం మీ ఇంట్లో అసలు వద్దు. చూడ్డానికి బలపంలా ఉంటుంది, దాంట్లో ఉండేది పురుగుమందే. పాకే పిల్లలకి చేతికంటి నోట్లోకి వెళ్తుంది.

రాత్రి_డ్యూటీ
జెల్ తిన్నది ఒక్కటి చస్తుంది సరే. మిగతా వందల సంగతి?

పుస్తకాల_పురుగు
అసలు చమత్కారం అక్కడే ఉంది. జెల్ తిన్న బొద్దింక అక్కడికక్కడ చావదు. నిదానంగా తన సందులోకి వెళ్లి, అక్కడ రెట్ట వేసి, అక్కడే చస్తుంది. పిల్ల బొద్దింకలు బయటికి పెద్దగా రావు, ఆ రెట్టనే తింటాయి. చచ్చిన వాటినీ వదలవు. అలా మందు చేతులు మారుతుంది. ఫిప్రోనిల్, ఇండాక్సాకార్బ్, హైడ్రామిథైల్నాన్ లాంటివి ఇలా పనిచేసేవే.

గోడమీద_పిల్లి
భోంచేస్తూ చదివాను. ముందు చెప్పాల్సింది.

వంటింటి_రాణి
అందరూ మర్చిపోయేది ఒకటుంది. జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టకూడదు, ఫినాయిల్‌తో తుడవకూడదు. వాసన పడితే ఎర దగ్గరికే రావు. మా పక్కింటివాళ్లు పొద్దున జెల్ పెట్టించుకుని సాయంత్రం స్ప్రే కొట్టారు, "రెండూ కలిస్తే డబుల్ పవర్" అని.

పుస్తకాల_పురుగు
ఇంకో విచిత్రం. 1990లలో కొన్ని చోట్ల తీపి ఎరలను జర్మన్ బొద్దింకలు ముట్టడం మానేశాయి. గ్లూకోజ్ అంటేనే వాటికి పడట్లేదు. ఎందుకో 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది: ఆ సంతతికి గ్లూకోజ్ తగిలితే చేదును పసిగట్టే నాడులు స్పందిస్తున్నాయట. తీపి వాటి నోటికి చేదైపోయిందన్నమాట. తర్వాత ఎరల తయారీ కూడా మారింది. ఒక జెల్‌ను ముట్టకపోతే వేరే రకం మార్చి చూడటం అందుకే.

ప్రకృతే_మందు
ఇన్ని రసాయనాలు ఎందుకండీ? కర్పూరం, లవంగాలు, వేపాకు మూలల్లో పెడితే రావు. మా అమ్మమ్మ కాలం నుంచీ ఇదే.

నాకు_స్ప్రే_చాలు
మా అమ్మమ్మగారింట్లో కర్పూరం డబ్బాలోనే బొద్దింక ఉండేది.

మందుకొట్టేవాడు
ఘాటు వాసన కొన్నాళ్లు పక్కకి తోలుతుంది, కాదనను. కానీ తోలితే చావవు, పక్క అరలో ఉంటాయి. మందు లేకుండా చేయాలంటే రాత్రి గట్టు, సింకు పొడిగా తుడిచి పడుకోండి. తిండి లేకుండా జర్మన్ బొద్దింక వారాల తరబడి బతుకుతుంది, నీళ్లు లేకపోతే అంతకాలం ఓర్చుకోలేదు. కారే కుళాయి బాగుచేయించడం కూడా పెస్ట్ కంట్రోలే.

బోరిక్ పొడి అడుగుతారని ముందే చెప్తున్నా. పనిచేస్తుంది, కానీ నెమ్మది. సందుల్లో కంటికి కనీకనబడనంత పలచగా చల్లాలి. కుప్పగా పోస్తే బొద్దింక చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది. తడిసిందా, ఇక వృథా. పిల్లలకీ కుక్కలకీ అందకూడదు.

ప్రశ్నార్థకం
ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ మెషీన్ ఎలా ఉంటుంది? మనకి వినబడని శబ్దంతో ఎలుకలు, బొద్దింకలు, దోమలు అన్నీ పారిపోతాయని రాశారు.

పుస్తకాల_పురుగు
2001లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ మెషీన్లు తయారుచేసేవాళ్లకీ అమ్మేవాళ్లకీ అరవైకి పైగా హెచ్చరిక లేఖలు పంపింది. మీరు చెప్పుకునే గొప్పలకి శాస్త్రీయ ఆధారం చూపించండి అని. ఆ శబ్దం గోడలు దాటదు, బల్ల అడ్డం వస్తే ఆగిపోతుంది. ఎలుకకి మొదట్లో చిరాకేసినా తర్వాత అలవాటైపోతుంది.

గోదాము_గుమస్తా
మా గోదాములో ఒకటి పెట్టారు. దాని వైరునే ఎలుక కొరికింది.

గోడమీద_పిల్లి
ఈ చర్చకి ఇంతకంటే మంచి పోస్టు రాదు. ఇక మూసేయొచ్చు.

చిన్నోడి_అమ్మ
మూసేయకండి, ఎలుకల మాట వచ్చింది కదా. మాకు చిట్టెలుక ఒకటి పట్టుకుంది. తలుపులన్నీ వేసే ఉంటాయి, ఎటునుంచి వస్తోందో అర్థం కావట్లేదు. విషం పెట్టాలంటే మావాడితో భయం.

గోదాము_గుమస్తా
చిట్టెలుకకి 6 మిల్లీమీటర్ల సందు చాలు. పెన్సిల్ దూరే కన్నం ఉంటే అది దూరుతుంది. పెద్ద ఎలుకకి అటూ ఇటూగా 12 ఉంటే సరి. ముందు తలుపు కింద సందు చూడండి. తర్వాత గ్యాస్ పైపు, ఏసీ పైపు, నీళ్ల పైపు గోడలోంచి వచ్చే చోట్లు. గుడ్డ కుక్కితే కొరికేస్తుంది, ఫోమ్‌ని కూడా. స్టీల్ పీచు కుక్కి పైన సిమెంటు పూయండి. కన్నాలు మూయకుండా బోను పెట్టడం అంటే ఒకటి పోతే ఇంకోదాన్ని పిలవడమే.

బోను ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యం. ఎలుక గది మధ్యలోంచి నడవదు, మీసాలు గోడకి ఆనించుకుంటూ వెళ్తుంది. అందుకని గోడవారన, ఎర ఉన్న వైపు గోడకి తగిలేలా పెట్టాలి. పెద్ద ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం ఎక్కువ, కొన్ని రోజులు బోనుని బిగించకుండా ఎర మాత్రం పెట్టి అలవాటు చేయాలి. చిట్టెలుకకి ఆ అనుమానం ఉండదు, అదే వచ్చి చూస్తుంది. మీకు మందు అక్కర్లేదు, బోను చాలు.

వంటింటి_రాణి
మేం పిల్లిని తెచ్చుకున్నాం. ఎలుక వచ్చింది. పిల్లి లేచి, పక్కకి జరిగి, దారిచ్చి మళ్లీ పడుకుంది.

గోడమీద_పిల్లి
మా జాతి మీద నిందలు వేయకండి. డ్యూటీ అవర్స్ ఉంటాయి.

ఆసుపత్రి_మెట్లు
ఎలుకల మందు గురించి ఒక మాట, ఎమర్జెన్సీలో పనిచేస్తాను కాబట్టి. దుకాణంలో "ఎలుకల మందు" అని ఒకే మాటతో అమ్మేవాటి మధ్య హస్తిమశకాంతరం ఉంది. బ్రోమాడియోలోన్, బ్రోడిఫాకూమ్ లాంటి రంగు బిళ్లలు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. 1948 ప్రాంతంలో వార్ఫారిన్‌తో మొదలైన తరహా ఇది. పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది, మనిషి పొరపాటున మింగితే విటమిన్ కె1 విరుగుడుగా ఉంది. జింక్ ఫాస్ఫైడ్ నల్లటి పొడి, కడుపులో ఫాస్ఫీన్ వాయువుగా మారుతుంది, విరుగుడు లేదు. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు తడి గాలి తగిలితేనే అదే వాయువును వదులుతాయి. అవి ఇంట్లోకి ఏ కారణంతోనూ రాకూడదు. ధాన్యం డ్రమ్ములో వేసి పక్క గదిలో పడుకున్నవాళ్లు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఎవరైనా మింగితే వాంతి చేయించడానికి కూర్చోకండి. ప్యాకెట్ కూడా తీసుకుని వెంటనే ఆసుపత్రికి రండి. ప్యాకెట్ చూస్తేనే మాకు ఏ మందో తెలుస్తుంది.

ఇంకోటి, ఎలుక పెంటికలను పొడిగా చీపురుతో ఊడ్చొద్దు, దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. బ్లీచింగ్ నీళ్లు చల్లి, నాననిచ్చి, గ్లవుజు వేసుకుని కాగితంతో ఎత్తండి. ఎలుక మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, ఎలుక జ్వరం అనేది దాన్నే.

చిన్నోడి_అమ్మ
చాలా థాంక్స్ అండీ. సింకు కింద పైపు చుట్టూ బొటనవేలు దూరేంత ఖాళీ ఉంది! ఇన్నాళ్లూ అరలో డబ్బాలు అడ్డం ఉండి కనబడలేదు.

గోదాము_గుమస్తా
దొరికింది దొంగ దారి. మూసేసి, లోపల ఏదైనా మిగిలి ఉంటుందేమోనని బోను కూడా పెట్టండి.

లక్కపురుగు_బాధితురాలు
బియ్యం, పిండి సంగతి ఎవరూ చెప్పరేం? మూత గట్టిగా పెట్టిన డబ్బాలోకి పురుగు ఎలా వస్తుంది? గాలిలోంచి పుడుతుందా?

గోదాము_గుమస్తా
లోపలే ఉండి వస్తుంది. ముక్కు పురుగు గింజకి కన్నం పెట్టి, లోపల గుడ్డు పెట్టి, ఆ కన్నాన్ని తన జిగురుతో మూసేస్తుంది. పిల్ల పురుగు గింజ లోపలే తిని పెరుగుతుంది. మీరు కొన్నప్పుడు శుభ్రంగానే కనబడుతుంది. పిండిలో తిరిగే ఎర్రటివి వేరే జాతి, అవి పగలని గింజ జోలికి పెద్దగా పోవు, నూక, పిండి ఉంటే మరిగిపోతాయి. కొత్తగా కొన్నదాన్ని మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు పెడితే గుడ్లతో సహా పోతాయి. అంత చోటు లేకపోతే కొంచెం కొంచెం కొనుక్కోండి. పాత డబ్బా అడుగున మిగిలినదాని మీదే కొత్తది పోయడం ఆపండి, సగం గొడవ తీరుతుంది.

రెండో_షిఫ్ట్_చెఫ్
హోటల్ వంటగదులవాళ్లు ఎవరైనా చదువుతుంటే: మాకు బొద్దింకలు ఎక్కువగా అట్టపెట్టెల్లో వస్తాయి. అట్ట మడతల్లో తిత్తులు ఉంటాయి. సరుకు గుమ్మం దగ్గరే ప్లాస్టిక్ ట్రేల్లోకి మార్చి అట్టలు బయటే పారేయడం మొదలుపెట్టాక చాలా తగ్గాయి. ఈగలకి నీలం లైటు మెషీన్ వాడతాం కదా, పట్‌పట్‌మని కాల్చేది వంట గట్టు దగ్గర వద్దు. ఈగ ముక్కలు ఎగిరి తిండిలో పడతాయి. జిగురు షీటు ఉన్నది పెట్టండి. గుమ్మం ఎదురుగా పెడితే బయటి ఈగలను మనమే పిలిచినట్టు. ట్యూబు వెలుగుతూనే ఉంటుంది కానీ అతినీలలోహిత కాంతి తగ్గిపోతుంది, ఏడాదికోసారి మార్చాలి. ఇది మా మేనేజర్‌కి అర్థమయ్యేలా చెప్పగలిగినవాళ్లకి నా తరఫున పార్టీ.

అడ్మిన్_బాబాయ్
బొద్దింకల చర్చలోకి ఎలుకలు, ఈగలు, పురుగులు అన్నీ దూరాయి. సరే, కానివ్వండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ ఎక్కడ దొరుకుతుందని అడిగిన పోస్టు ఒకటి తీసేశాను, మళ్లీ పెట్టొద్దు.

నిద్రలేని_నేను
నల్లులకి కూడా జెల్ ఉందా? ఒంటిమీద వరసగా ఎర్ర దద్దుర్లు. పరుపు కుట్టు దగ్గర నల్ల చుక్కలు.

మందుకొట్టేవాడు
లేదు. నల్లికి రక్తం తప్ప వేరే తిండి లేదు, ఎరతో పని జరగదు. మామూలు స్ప్రేలకు నిరోధకత దీనికీ ఉంది. గదిలో పొగబాంబు లాంటిది పేల్చితే సందుల్లోకి చేరదు, అవి గోడ దాటి పక్క గదికి పోతాయి. నల్లికి శత్రువు వేడి. దుప్పట్లు, దిండు గలీబులు 60 డిగ్రీల నీళ్లలో ఉతకండి, డ్రయర్ ఉంటే ఎక్కువ వేడి మీద అరగంట తిప్పండి. పరుపు కుట్లు, మంచం మరల కన్నాలు, మంచం తల వెనక చెక్క, వీటి మీద ఆవిరి మెషీన్‌ని నెమ్మదిగా జరపాలి. గబగబా లాగేస్తే లోపలికి వేడి దిగదు. తర్వాత పరుపుకి జిప్పు కవరు తొడిగి ఏడాది పాటు తీయకండి. నెలల తరబడి ఆకలితో ఉండగలవు.

నిద్రలేని_నేను
పరుపు పారేస్తే పోదా?

వంటింటి_రాణి
మంచంలో, స్విచ్ బోర్డులో ఉన్నవి కొత్త పరుపులోకి వస్తాయి. పారేసిన పరుపు ఎవరైనా ఇంటికి తీసుకెళ్తే వాళ్లకీ కానుక.

రాత్రి_డ్యూటీ
అప్‌డేట్. మందుకొట్టేవాడు గారు చెప్పిన చోట్లన్నీ అర్ధరాత్రి టార్చి పట్టుకుని చూశాను. ప్లగ్ తీసి ఫ్రిజ్ జరిపితే వెనక మోటారు పక్కన మిరియాల పొడి చల్లినట్టు రెట్ట, ఖాళీ తిత్తులు, గోరంత పిల్లలు గుంపుగా. ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతలో కూడా ఉన్నాయి. కంపెనీవాళ్లు ఆ పక్కకే రాలేదు, గోడల అంచులంతా కొట్టి వెళ్లారు. వాక్యూమ్‌తో లాగేసి జెల్ చుక్కలు పెట్టాను. మాది అపార్ట్‌మెంట్, పక్కవాళ్లతో కూడా మాట్లాడుతున్నా.

మందుకొట్టేవాడు
వాక్యూమ్ బ్యాగ్ గట్టిగా కట్టి అప్పుడే బయట పారేయండి. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ చూసి, తినేసిన చోట కొత్త చుక్కలు పెట్టండి. తిత్తుల్లోంచి వచ్చేవాటికి అప్పుడు ఎర ఉండాలి. ఫ్రిజ్ దగ్గర జిగురు అట్ట ఒకటి ఉంచితే తగ్గుతున్నాయో లేదో లెక్క తెలుస్తుంది. పక్క ఫ్లాట్‌లో పైపుల దారి ఒకటే కాబట్టి వాళ్లూ పెట్టుకోవాలి, లేకపోతే ఇది తేలదు.

ప్రశ్నార్థకం
చివరిగా నాదొకటి. చెక్క మంచం కింద సన్నటి పొడి రాలుతోంది. చెదలు అని భయపడి ఒకాయన్ని పిలిస్తే, నేలంతా డ్రిల్ చేసి మందు ఎక్కించాలంటున్నాడు. చేయించనా?

చెక్కపని
ఆగండి. మట్టి గొట్టాలు ఏమైనా కనబడుతున్నాయా? గోడమీద గానీ మంచం కాలి మీద గానీ?

ప్రశ్నార్థకం
లేవు. చెక్కలో గుండుసూది తలంత గుండ్రటి కన్నాలున్నాయి. పొడి మైదాలా మెత్తగా ఉంది.

చెక్కపని
అయితే చెదలు కాదు, పుచ్చు పురుగు. నేలలోంచి వచ్చే చెద మట్టి దారి కట్టుకుని వస్తుంది, పొడి రాల్చదు, తిన్న చోట మట్టి నింపుతుంది. దానికైతే నేలలో మందు ఎక్కించడం సరైన పనే. గొట్టాన్ని చేత్తో తుడిచేసి ఊరుకుంటే ఇంకో చోట కట్టుకుంటుంది, పుట్ట మట్టిలో ఉంటుంది కదా. మీది చెక్క లోపలే పుట్టి, కన్నం చేసుకుని బయటికొచ్చే పెంకు పురుగు. నేల డ్రిల్ చేస్తే దానికి తెలియను కూడా తెలియదు.

నాకు_స్ప్రే_చాలు
ఆ డ్రిల్ ఆయనకి తెలియదంటారా, తెలిసే చెప్పాడంటారా?

చెక్కపని
దాని జోలికి నేను పోను. ప్రశ్నార్థకం గారూ, కన్నం ఉన్నంత మాత్రాన పురుగు ఇంకా లోపల ఉందని కాదు, అవి ఎప్పుడో వెళ్లిపోయిన దారులు కూడా కావచ్చు. కన్నాలు, నేల శుభ్రంగా తుడిచి మంచం కింద నల్ల కాగితం పరచండి. కొత్త పొడి రాలితే ఉన్నట్టు. అప్పుడు పాలిష్ లేని వైపు బోరేట్ ద్రావణం పూయొచ్చు, పాలిష్ ఉన్న వైపు పూస్తే లోపలికి ఇంకదు, ముందు గీకాలి.

ప్రశ్నార్థకం
కాగితం పరిచాను. డ్రిల్ ఆయనకి రేపు రావద్దని చెప్పాను, అడ్వాన్స్ తిరిగివ్వనంటున్నాడు.

చెక్కపని
అడ్వాన్స్ పోతే పోయింది, నేల మిగిలింది. కాగితం తీసేదాకా మంచం జరపకండి, ఊపినా పాత పొడి రాలుతుంది.